దిష్టిబొమ్మ ఆట

ఈ కాలపు పిల్లలు పుస్తకం ముట్టుకోవడం లేదన్న సంగతి యువ అక్షర వికాస మండలి వారికి ఒక మహాసభలో తెలిసింది. దానికి వీడియో గేమ్‌లే కారణమని మొదటి వక్త నిరూపించాడు. అయితే ఆ వీడియో గేమ్‌లతోనే చదువు చెప్పిద్దామని రెండో వక్త ప్రతిపాదించాడు. ఇద్దరినీ ఖండించడానికి మూడో వక్త లేచాడు గానీ, అప్పటికే భోజనాల హాల్లోంచి గుత్తివంకాయ వాసన వస్తోంది. అంచేత రెండో వక్త మాటే తీర్మానమైపోయింది.

తీర్మానానికి "క్రీడాక్షరి పథకం" అని బారసాల చేసి మండలి వారు తమ కింద ఉన్న గ్రంథాలయాలన్నిటికీ ఉత్తర్వులు పంపారు. ఇసకలంక శాఖా గ్రంథాలయంలో ఆ ఉత్తర్వును లైబ్రేరియన్ హైమావతి కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చదివింది. ప్రతి గ్రంథాలయమూ తన ఊళ్ళోని ఎదిగే వయసు పిల్లల చేత ఒక వీడియో గేమ్ తయారు చేయించాలట. గేమ్ తయారు చెయ్యాలంటే కథ కావాలి, కథ కావాలంటే రాయాలి, రాయాలంటే చదవాలి, కాబట్టి పిల్లలు చదువరులవుతారట. హైమావతి ఆ వాక్యాన్ని రెండోసారి చదివింది. మండలి వారి ఉత్తర్వుల్లో అర్థమున్న వాక్యం కనబడటం ఆమె ఉద్యోగం మొత్తంలో అదే మొదలు.

ఇసకలంక గ్రంథాలయానికి అప్పటిదాకా పెద్దలే దిక్కు. పొద్దున పేపరు చదివే పెద్దలు, మధ్యాహ్నం ఫ్యాను కింద కునుకు తీసే పెద్దలు, సాయంత్రం పొద్దుటి పేపరు మీద పోట్లాడుకునే పెద్దలు. పిల్లలు వాన వస్తే అరుగెక్కేవారు, వెలిస్తే దిగిపోయేవారు. అలాంటి చోటికి పథకం కింద కొత్త కంప్యూటర్లు వచ్చాయని తెలియగానే పిల్లలు గుమ్మం దగ్గర చెప్పులు కుప్పలు పోసి లోపలికి దూరారు. అటెండరు వీర్రాజు ఆ చెప్పుల కుప్ప చూసి, "పెళ్ళివారింట్లో కూడా ఇన్ని లేవండి మొన్న," అన్నాడు.

వచ్చినవాళ్ళలో ఝాన్సీ ఒకతె. తాపీమేస్త్రీ సత్తిబాబు కూతురు. పదో తరగతిలో లెక్కలు గట్టెక్కింది, ఇంగ్లీషు గట్టెక్కింది, తెలుగులో తప్పింది. సొంత భాషలో పోయిందేంటని ఊరు ఊరంతా తలో మాటా అని ఆ పిల్లకి అక్షరమంటేనే ఒళ్ళుమంట తెప్పించారు. బళ్ళో తెలుగు మాస్టారైతే ఆమె కాగితాన్ని అందరికీ ఎత్తి చూపించి, గడ్డి పరిచినట్టుంది దీని రాత అన్నాడు. ఆ రోజు నుంచి ఝాన్సీ కలం పట్టుకోలేదు.

"కంప్యూటరైతే నేర్చుకుంటానండి. రాయమంటే మాత్రం నేను రానండి," అని ముందే చెప్పేసింది.

"నిన్ను రాయమన్నదెవరే," అంది హైమావతి.

బొమ్మలు గీసి కదిలించడం పిల్లలకి ఇట్టే పట్టుబడింది. కథ మాత్రం ఎవరికీ తోచలేదు. ఒకడు యుద్ధం అన్నాడు, ఇంకొకడు ఇంకా పెద్ద యుద్ధం అన్నాడు. అప్పుడు ఝాన్సీ గొణిగింది.

"వరదొచ్చిందనుకోండి. ఓ పిల్లది మేకపిల్ల తప్పిపోయిందనుకోండి. ఆ పిల్ల పుట్టి పడవేసుకుని ఏట్లో లంకలన్నీ తిరుగుద్దండి. రేవు రేవుకీ ఓ బోర్డుంటదండి. అది చదువుకుని ఎటెళ్ళాలో తేల్చుకోవాలండి. తప్పు చదివితే ఏరు ఎనక్కి తోసేస్తదండి."

గదిలో పిల్లలంతా ఆమె వైపు తిరిగారు. "తర్వాత?" అన్నారు.

"తర్వాతేంటో రాయి," అంది హైమావతి.

"రాయాలాండి?"

"నువ్వు రాయకపోతే మేకపిల్ల వరదలో పోతుంది. నీ ఇష్టం."

ఝాన్సీ చాలాసేపు గోరు కొరుక్కుంది. మేకపిల్ల మీద జాలి వేసినట్టుంది, కలం అడిగి తీసుకుంది. రాసిన కొద్దీ ఆమెకి అనుమానాలు మొదలయ్యాయి. వరదలో పుట్టి ఎటు తిరుగుతుంది, మేకలు ఈదుతాయా, లంకలు ఎలా పుడతాయి. ప్రతి అనుమానానికీ హైమావతి ఏమీ చెప్పకుండా ఒక పుస్తకం తీసి బల్ల మీద పెట్టేది. ఝాన్సీ లైను కింద వేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదివేది. కొన్నాళ్ళకి పెదవులు కదపడం మానేసింది. ఆ తర్వాత ఎప్పుడు మానేసిందో గానీ వేలు కూడా లేదు. అది గమనించిన రోజు హైమావతి ఇంటికి వెళ్ళి తనొక్కతే కూర్చుని సేమ్యా పాయసం చేసుకుని తిన్నది.

ఆట తయారైంది. చదవడం రానివాడు కూడా మేకని ఏరు దాటించాలన్న పట్టుదలతో పక్కవాడి మోచెయ్యి లాగి, "ఒరే, ఈ బోర్డు మీద ఏం రాసుందిరా," అని అడిగేవాడు. రెండోసారి అడగడానికి సిగ్గుపడి తనే కూడబలుక్కునేవాడు. మండలి వారు ఏది కావాలన్నారో అచ్చంగా అదే ఇసకలంకలో జరిగిపోతోంది. వచ్చిన చిక్కల్లా ఆ సంగతి మండలి వారు చూడటానికి రావడమే.

పరిశీలక సంఘం ఒక శుక్రవారం కార్లలో దిగింది. ముందు అధ్యక్షులవారు, వెనక కార్యదర్శి పరాంకుశం గారు, వారి వెనక సభ్యులు. తెర మీద వరద గోదారి సుడులు తిరుగుతూ కనబడింది. అమ్మాయి పుట్టిలో కూర్చుంది. దూరంగా ఎక్కడో మేకపిల్ల అరిచింది.

"అమ్మా, ఈ క్రీడాసృజన సర్వథా అభినందనీయంగా ఉన్నది," అన్నారు పరాంకుశం గారు. ఆయన వాక్యాల్లో ప్రాణమంతా రెండో సగంలో ఉంటుంది. "అయినప్పటికీ, వరద అను అంశము ఒకింత ఆలోచనీయము. వరద వచ్చినదనగా ఏటిగట్టు తెగినట్లు ధ్వనించును. గట్టు తెగినదనగా దానిని పటిష్ఠపరచిన శాఖవారి గౌరవమునకు భంగము."

"గట్టు తెగలేదండి. నీళ్ళు కూసింత పొంగాయంతేనండి," అంది ఝాన్సీ.

"పొంగుట సైతం శాఖాపరమైన విషయమే."

కాబట్టి నీళ్ళు తీసెయ్యాలన్నారు. నీళ్ళు లేని చోట పుట్టి దేనికని రెండో సభ్యుడికి సందేహం వచ్చింది, పుట్టి కూడా పోయింది. మూడో సభ్యురాలు బాలల సంక్షేమం చూసే ఆవిడ. తప్పు చదివిన పిల్లలు వెనక్కి కొట్టుకుపోతే వారి ఆత్మవిశ్వాసం దెబ్బ తింటుందనీ, తప్పు చదివినా ముందుకే పోవాలనీ అన్నది.

"తప్పు చదివినా ముందుకెళ్ళిపోతే ఇంక చదవడం ఎందుకండి?" అని అడిగింది ఝాన్సీ.

"అది ఈ సంఘం పరిధిలోని ప్రశ్న కాదమ్మా," అంది ఆవిడ ఎంతో ప్రేమగా.

వాళ్ళు వెళ్ళాక హైమావతి కుర్చీలో కూలబడింది. వీర్రాజు మండలి ఆఫీసులో చాలాకాలం పని చేసి వచ్చినవాడు, ఆ లోకం మర్యాదలన్నీ తెలిసినవాడు. కప్పులు తీస్తూ గుట్టు విప్పాడు. "ఆళ్ళని తిట్టుకోకండి మేడమ్ గారండి. అక్కడ ప్రతి మెంబరూ ఓ అబ్యంతరం చెప్పి తీరాలండి. చెప్పకపోతే చూడకుండా సంతకం పెట్టేశాడని పక్కోళ్ళు అనుకుంటారండి. బాగుందనేసి ఊరుకున్నోడికి మళ్ళీ ఏడాదికి మెంబరుగిరీ ఉండదండి."

పిల్లలు నీళ్ళు తీసేశారు, పుట్టి తీసేశారు. అమ్మాయి ఇసకలో నడుచుకుంటూ మేకని వెతకసాగింది. ఎండకి కాళ్ళు కాలతాయని ఝాన్సీ ఆమెకి చెప్పులు గీసింది.

రెండోసారి సంఘం వచ్చింది. ఈసారి మేక వంతు. మేకని చూడగానే పండగ విందు గుర్తొచ్చేవారు ఉన్నారనీ, గుర్తు రాకూడదనేవారూ ఉన్నారనీ, ఇద్దరి మనోభావాలూ కాపాడాలనీ ఒక సభ్యుడు అన్నాడు. పోనీ ఆవుని పెడదామా అని హైమావతి అమాయకంగా అడిగింది. ఆ ప్రశ్న విననట్టే అందరూ కిటికీలోంచి బయటికి చూశారు. చివరికి ఏ జంతువూ వద్దని తేలింది.

"మరి ఆ పిల్ల దేనికోసం ఎతుకుద్దండి?" అంది ఝాన్సీ.

"దేనినీ వెతుకకుండ నడుచుట ఆరోగ్యదాయకము," అన్నారు పరాంకుశం గారు. "ఇక ఈ బాలిక గౌను రంగు."

ఝాన్సీ ఆ అమ్మాయికి తన దగ్గరున్న గౌను రంగే వేసింది. ఆ రంగు ఫలానావారి జెండాలో ఉందన్నారు. మార్చింది. ఆ రంగు వేరొకరి జెండాలో ఉంది. ఇంకోటి వేసింది. అది మొన్నటిదాకా ఎవరిదీ కాదుగానీ నిన్న ఎవరో కొత్త పార్టీ పెట్టారట. రంగుల పెట్టె మొత్తం అయిపోయింది. చివరికి అమ్మాయి గాజుపిల్లలా తయారై, ఆమెలోంచి వెనకున్న ఇసక కనబడింది. అధ్యక్షులవారు ఇప్పుడు బాగుందన్నారు.

అప్పుడు చివరి సభ్యుడు గొంతు సవరించుకున్నాడు. చెప్పడానికి ఆయనకింక ఆటలో ఏమీ మిగల్లేదు, ఒక్క బోర్డులు తప్ప. ఆయన కష్టం చూసి పరాంకుశం గారే సాయపడ్డారు.

"ఈ పథకము చదువ రానివారి కొరకు ఉద్దేశింపబడినది. అట్టి ఆటలో చదువవలసి వచ్చుట వారి పట్ల వివక్ష. కావున అక్షరములు తొలగింపవలెను."

హైమావతి ఇంక ఉండబట్టలేకపోయింది. "అక్షరాలు తీసేస్తే అక్షరాస్యత ఎలా వస్తుందండి?"

"అమ్మా, అక్షరాస్యత పథకము యొక్క లక్ష్యము. అక్షరములు అందులో ఆటంకము. లక్ష్యమును, ఆటంకమును తమరు కలగాపులగము చేయరాదు."

కార్లు వెళ్ళిపోయాయి. ఝాన్సీ తను రాసిన బోర్డులన్నీ ఒక్కొక్కటే చెరిపేసింది. "గొల్లరేవు ఎడమ పక్క" అన్నది చెరిపింది. "ఇక్కడ లోతు ఎక్కువ, జాగ్రత్త" అన్నది చెరిపింది. అన్నీ అయ్యాక చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"రాసి ఏం లాభమండి," అంది.

ఆట పోతే పోయింది, పథకాలు వస్తాయి పోతాయి, వాటికి హైమావతి ఎన్నడూ కన్నీళ్ళు పెట్టుకోలేదు. కానీ ఈ పిల్ల ఈ మాట అనుకుంటూ గుమ్మం దాటితే మళ్ళీ రాదు. తెలుగు మాస్టారు ఒకసారి చేసిన పనిని ఇప్పుడు మండలి వారు కార్లు వేసుకొచ్చి రెండోసారి చేస్తున్నారు. రెండోసారి విరిగింది మళ్ళీ అతకడం కష్టమని ఆమెకి తెలుసు.

"ఇంకొక్కసారి వస్తారు, అదే ఆఖరు," అంది. "ఏదో ఒకటి ఆలోచిద్దామే."

ఆలోచన ఝాన్సీకే వచ్చింది. మర్నాడు వస్తూ వస్తూనే చెప్పింది. "మా నాన్న ఇల్లు కట్టేటప్పుడు ముందు దిష్టిబొమ్మ ఏలాడదీస్తాడండి. దారిన పోయేవోళ్ళ కళ్ళన్నీ దాని మీదే పడతాయండి. ఎనక గోడ వంకరున్నా ఎవరూ చూడరండి. మనం కూడా ఓ బొమ్మ పెడదామండి. ఆళ్ళ అబ్యంతరాలన్నీ దాని మీద పడిపోతాయి. అది తీసేస్తామని దణ్ణం పెట్టేద్దాం. ఎనకాల మన ఏరు, మన మేక, మన బోర్డులు అలాగే ఉంటాయండి."

"తీసెయ్యమన్నవన్నీ మళ్ళీ పెడితే ఊరుకుంటారా?"

"కిందటిసారి ఏం చెప్పారో ఆళ్ళకి గుర్తుంటే కదండీ," అన్నాడు వీర్రాజు.

పిల్లలంతా కలిసి శక్తి కొద్దీ అందవికారమైన బొమ్మని చేశారు. పగిలిన కుండ తలకాయ, దాని మీద సున్నపు బొట్లు. ఒక కన్ను చిన్నది, ఒకటి గుమ్మడికాయంత. మీసం ఒక పక్కే ఉంది. చేటల్లాంటి చెవులు, వేలాడే నాలుక. వెలిసిపోయి ఏ రంగో తెలియని చొక్కా, చేతుల్లోంచీ కాళ్ళలోంచీ పొడుచుకొచ్చిన గడ్డి. దాన్ని తీసుకెళ్ళి తెరకి నట్టనడుమ నిలబెట్టారు. దాని వెనక గోదారి మళ్ళీ పొంగింది, మేక మళ్ళీ అరిచింది, బోర్డుల మీదికి అక్షరాలు తిరిగొచ్చాయి. ఝాన్సీ ముఖంలోకి కళ కూడా తిరిగొచ్చింది.

మూడోసారి సంఘం కూర్చుంది. తెర మీద బొమ్మ నాలుక వేలాడేసుకుని సభ్యుల వైపు చూసింది. సభ్యులు బొమ్మ వైపు చూశారు. ఎవరు ముందు ఛీకొడతారా అని హైమావతి చూస్తోంది. సభ్యులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

అధ్యక్షులవారు ముందుకి వంగారు. "ఇది బాగుందయ్యా," అన్నారు.

నిజంగానే బాగుంది వారికి. అది మగో ఆడో తెలియదు. ఏ కులమో తెలియదు. చొక్కాకి రంగు లేదు. నోరు ఉంది గానీ మాట లేదు, కాబట్టి ఫలానా జిల్లా యాస అనడానికి వీల్లేదు. ఎక్కడ నిలబెడితే అక్కడ నిలబడుతుంది. ఎవరినీ ఓడించదు, ఎవరి చేతా ఓడదు. గాలి ఎటు వీస్తే అటు తల ఊపుతుంది. ఇంతకాలం మండలిలో ఉన్నవారికి దాన్ని చూస్తే ఎక్కడో బాగా దగ్గరివాళ్ళని చూసినట్టుంది. అభ్యంతరం చెప్పి తీరాల్సిన సభ్యులు దాన్ని కింద నుంచి పైదాకా వెతికి, ఏదీ దొరక్క, చుట్టూ ఉన్నవాటి మీద పడ్డారు.

"వెనుక ఈ నీరు బొమ్మ నుండి దృష్టిని మరల్చుచున్నది," అన్నాడొకాయన.

"ఆ బాలిక ఎవరు? బొమ్మకు అడ్డు వచ్చుచున్నది," అన్నాడు మరొకాయన.

"మేక బొమ్మలోని గడ్డి తినునేమో అను ఆందోళన పిల్లల్లో కలుగును," అంది సంక్షేమం ఆవిడ.

పరాంకుశం గారు అంతా విని తీర్మానం చదివారు. "బొమ్మను యథాతథముగా ఉంచి, తక్కిన సమస్తమును తొలగింపవలెను. ఈ ఆటను మండలి పరిధిలోని గ్రంథాలయములన్నిటను ప్రవేశపెట్టుటకు సంఘము ఏకగ్రీవముగా ఆమోదించుచున్నది." అందరూ చప్పట్లు కొట్టారు. ఝాన్సీకి శాలువా కప్పుదామని వెతికారు. ఆమె అప్పటికే చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

తర్వాత ఆమె గ్రంథాలయానికి రాలేదు. మిగతా పిల్లలు ఒక్కొక్కరే తగ్గారు. చెప్పుల కుప్ప పలచబడి, చివరికి మళ్ళీ పెద్దల తోలు చెప్పులే మిగిలాయి. ఆటని ప్రారంభోత్సవానికి సిద్ధం చేసి పంపాల్సిన గడువు దగ్గర పడుతోంది. హైమావతి ఒక సాయంత్రం వీర్రాజుకి తాళాలిచ్చి, సత్తిబాబు ఇల్లు కడుతున్న చోటికి నడుచుకుంటూ వెళ్ళింది.

ఝాన్సీ తలకి తుండు చుట్టుకుని ఇసక జల్లిస్తోంది. ఆమెని చూసి జల్లెడ పక్కన పెట్టింది గానీ మొహం ఎత్తలేదు. సత్తిబాబు గోడ మీది నుంచి దిగి వచ్చాడు.

"కూర్చోడానికి ఇటికలు తప్ప ఏమీ లేవండి మేడమ్ గారూ. ఇది అన్నం సరిగ్గా తినట్లేదండి. ఏమైందే అంటే ఏటీ చెప్పదండి," అన్నాడు.

"బొమ్మని నేనే కట్టానండి," అంది ఝాన్సీ నేల చూస్తూ. "నా మేకని నేనే చంపుకున్నానండి."

హైమావతికి ఏడుపొచ్చింది. తల తిప్పి చూస్తే ఎదురుగా సగం లేచిన గోడ, దాని ముందు వెదురుకర్రకి వేలాడుతున్న దిష్టిబొమ్మ.

"మీ నాన్న బొమ్మ కట్టాక ఏం చేస్తాడే?"

"ఇల్లు కడతాడండి."

"ఆ బొమ్మ వెనకాలేనా?"

"మరి ఇంకెక్కడండి."

"మరి నువ్వు ఆగిపోయావేం?"

ఝాన్సీ మొహం ఎత్తింది. బొమ్మ వైపు చూసింది, గోడ వైపు చూసింది. తర్వాత తలకి చుట్టుకున్న తుండు విప్పి దుమ్ము దులుపుకుంది.

మర్నాడు పిల్లలందరూ మళ్ళీ కంప్యూటర్ల ముందు చేరారు. ముందు తలుపులా బొమ్మ నిలబడింది, దాని వెనక ఏరంతా దాగింది. బొమ్మ చెవి మీద నొక్కితే అది గిర్రున తిరిగి పక్కకి తప్పుకునేటట్టు చేశారు. ఇక మిగిలిన చిక్కు ఒక్కటే. బొమ్మ చెవి పట్టుకోవాలని ఊరూరా ఆడే పిల్లలకి ఎలా తెలుస్తుంది?

"రాద్దామండి," అంది ఝాన్సీ. ఆ మాట ఆమె నోట విని హైమావతి ఏదో పుస్తకం సర్దుతున్నట్టు అటు తిరిగింది.

బొమ్మ కాళ్ళ దగ్గర గడ్డి పొడుచుకొచ్చి ఉంది కదా, ఆ గడ్డి రంగులోనే, ఆ గడ్డిలోనే, ఝాన్సీ తన చేత్తో రాసింది: "చెవి మెలిపెట్టు, దారి ఇస్తాను." ఆమె రాత మొదట్నుంచీ గడ్డి పరిచినట్టే ఉంటుందని తెలుగు మాస్టారు సర్టిఫికెట్టు ఇచ్చే ఉన్నాడు. పరకలు ఎక్కడ ఆగాయో, అక్షరాలు ఎక్కడ మొదలయ్యాయో చదివేవాడికి తప్ప తెలియదు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. అధ్యక్షులవారు మీట నొక్కారు. బొమ్మ నిలబడింది. మళ్ళీ నొక్కారు. అలాగే నిలబడింది. వారు ఆనందపడి, తమ చిన్నతనంలో ఇలాంటి సౌకర్యాలు లేవన్నారు. ఆట అన్ని గ్రంథాలయాలకీ చేరింది. మొదటి పూట పిల్లలు బొమ్మని చూసి ఆవులించారు, రెండో పూట తిట్టారు. మూడో పూట ఎక్కడో ఒక ఊళ్ళో ఒక పిల్ల విసుగెత్తి తెర కేసి కళ్ళు చికిలించి చూసి, గడ్డిలో ఉన్నది చదివి, బొమ్మ చెవి పట్టుకుంది.

అక్కణ్ణుంచి చెప్పేదేముంది. గ్రంథాలయాల్లో పిల్లలు బొమ్మ ముందు గంటల తరబడి కదలకుండా కూర్చుంటున్నారనీ, లేచాక వరదల గురించీ పడవల గురించీ పుస్తకాలు అడుగుతున్నారనీ మండలికి వార్తలు అందాయి. ఎవరైనా అధికారి గుమ్మంలోకి రాగానే బొమ్మలన్నీ వాటి చోటికి వచ్చి నిలబడుతున్నాయి. లైబ్రేరియన్లకి సంగతి తెలుసు, ఎవరూ పెదవి విప్పలేదు. ఒక్కొక్కరే హైమావతికి ఫోన్ చేసి, ఎవరూ వినకుండా అడిగేవారు. "మా పిల్లలు ప్రాణం తీస్తున్నారండి. ఇంతకీ మేక దొరికాక ఏమైందట?" హైమావతి ఆ ప్రశ్న ఝాన్సీకి చేరవేసేది. ఝాన్సీ వారం వారం కూర్చుని తర్వాతి లంక రాసేది. మధ్యలో తీరిక చేసుకుని వెళ్ళి తెలుగు పరీక్ష కూడా రాసి వచ్చింది. ఎలా రాశావే అంటే, "పరీక్ష కతకి అడ్డొచ్చిందండి," అంది.

ఇంత విజయం ఎలా వచ్చిందో మండలి వారికి అంతుపట్టలేదు. కారణం కనిపెట్టి రమ్మని పరాంకుశం గారిని స్వయంగా ఇసకలంక పంపారు.

ఆయన కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నారు. వెనక ఝాన్సీ, ఆమె వెనక హైమావతి, తలుపు దగ్గర వీర్రాజు. పరాంకుశం గారు బొమ్మ కుండని చూశారు, మీసాన్ని చూశారు, చొక్కాని చూశారు. జేబులోంచి దగ్గరిచూపు కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నారు. తెర మీదికి వంగారు. ఆయన ముక్కు బొమ్మ కాళ్ళ దగ్గరకి వచ్చి, సరిగ్గా ఝాన్సీ రాసిన లైను ముందు ఆగింది. హైమావతి ఝాన్సీ చెయ్యి పట్టుకుంది. ఉద్యోగం పోతే పోయింది, ఈ పిల్ల రాసింది మాత్రం చెరపనివ్వనని ఆమె అప్పటికప్పుడు మనసులో గట్టిగా అనుకుంది.

ఆయన ఆ లైనుని ఎడమ నుంచి కుడికి చూశారు. కుడి నుంచి ఎడమకి చూశారు. కళ్ళద్దాలు తీశారు.

"ఈ గడ్డి అత్యంత సహజముగా ఉన్నదమ్మా," అన్నారు. "రహస్యము ఇందులోనే ఉన్నదని నా అభిప్రాయము. ఇందులో ఒక్క పరక సైతం మార్చరాదని నేడే ఉత్తర్వు ఇప్పించెదను."

"అలాగేనండి," అంది ఝాన్సీ.